పారేసిన ముక్క

కాసులమ్మ కుడికంటి పైరెప్పను తిరగేసి చూడగానే డాక్టర్ కుసుమకుమారికి ఒళ్ళు మండిపోయింది.

రెప్ప అంచు పొడవునా పసుపు కలిసిన తెల్లటి కండ గట్టిగా, గడ్డలు గడ్డలుగా పేరుకుని ఉంది. అక్కడ వెంట్రుకలు రాలిపోయాయి. కన్ను ఎర్రబారి ఉంది. పైకి చూడమంటే ఎడమకన్ను చూసినంత పైకి కుడికన్ను వెళ్ళడం లేదు. ల్యాబ్ వాళ్ళు చెప్పే దాకా ఆగక్కర్లేదు ఆమెకి. రెప్పల లోపల నూనె ఊరే గ్రంథులుంటాయి. వాటిలో పుట్టే కేన్సర్ అది. చాలాకాలం మామూలు కంటి కురుపులా కనిపిస్తూ మోసం చేస్తుంది. రెండేళ్ళుగా కుసుమకుమారి పరిశోధన చేస్తున్నది సరిగ్గా దాని మీదే.

విశాఖపట్నంలో ఆ కంటి ఆసుపత్రికి పెద్ద పేరు. శ్రీకాకుళం దాటి ఒరిస్సా నుంచి కూడా జనం వస్తారు. కనుగుడ్డు లోపలి సంగతులు చూసేవాళ్ళు అక్కడ చాలామంది. రెప్పలు, కన్నీటి దారులు, కన్ను కూర్చునే ఎముకల గుంట, అంటే కన్ను చుట్టూ ఉన్న ఇల్లంతా చూసే డాక్టరు మాత్రం కుసుమకుమారి ఒక్కతే. పద్మనాభం దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, రోజూ బస్సులో వేలాడుతూ పట్నం వచ్చి చదువుకున్న మనిషి. తోటి డాక్టర్లతో పుస్తకంలా మాట్లాడినా రోగుల ముందు ఊరి మాట దానంతటదే వచ్చేస్తుంది.

"ఇది ఎప్పట్నించప్పా?" అని అడిగింది.

కాసులమ్మ జాలరిపేట మనిషి. మొగుడు గురువులు తెప్ప మీద వేటకి వెళ్తాడు, ఈమె చేపల గంప ఎత్తుకుని కాలనీలు తిరుగుతుంది. గొంతు పెద్దది, రెండు వీధుల అవతల ఉన్న ఇల్లాలు కూడా గిన్నె పట్టుకుని బయటికొచ్చేటంత. నిరుడు ఎండలప్పుడు మొదలైందని, మొదట్లో పెసరగింజంత ఉండేదని, కనిపించిన వారానికే ఆసుపత్రికి వచ్చానని చెప్పింది. కోయించుకుంటే పోయిందట. మళ్ళీ వచ్చిందట. మళ్ళీ కోయించుకుందట.

"ఎక్కడ కోసేరు?"

"ఇక్కడే. ఈ ఆసుపత్రిలోనే. పెద్ద డాట్రు గారే కోసేరు. మూడుసార్లు."

కుసుమకుమారి చేతిలోని టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది. పెద్ద డాక్టరు అంటే రమణమూర్తి గారు. ఆసుపత్రి డైరెక్టరు, ఆమెకు గురువు. చీలిన రెప్ప అంచులను మెట్టు పడకుండా ఎలా కలపాలో ఆమె చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

కోసినప్పుడు తీసిన ముక్క ఏం చేశారో తెలుసా అని అడిగితే కాసులమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. గీకి తీసేశారు, బకెట్‌లో పడేశారు, కట్టు కట్టి పంపించేశారు. తీసేసిన కురుపుతో ఇంకేం పని అన్నట్టు చూసింది.

ఆ మధ్యాహ్నమే కుసుమకుమారి రెప్ప నుంచి చిన్న ముక్క తీసి, మందునీళ్ళ సీసాలో వేసి, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే పై అంతస్తులో ఉన్న ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. అక్కడ పాథాలజీ చూసే వెంకటరమణమ్మ గారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, మాట పొదుపు. ఈ పేషెంటు ముక్కలు ఇంతకు ముందు మూడుసార్లు రావాలి కదా మేడమ్ అని అడిగితే, తనకు ఒక్కటీ రాలేదన్నారు. "కురుపులు నాకెప్పుడు పంపారమ్మా వీళ్ళు?" అన్నారు.

ఆ మాట పట్టుకుని కుసుమకుమారి తన గదికి వచ్చి తలుపేసుకుంది.

ఆమె రాస్తున్న వ్యాసం దాదాపు పూర్తయింది. బీచ్ రోడ్డులోని పెద్ద హోటల్లో జరగబోయే కంటి డాక్టర్ల మహాసభలో చదవడానికి ఎంపికైంది కూడా. పరిశోధకురాలిగా ఆమె పేరు, మార్గదర్శిగా రమణమూర్తి గారి పేరు. దాంట్లో మొదటి పేజీలోనే ఒక వాక్యం ఉంది: అవగాహన లేకపోవడం వల్ల మన ప్రాంతపు రోగులు జబ్బు ముదిరాక, ఆలస్యంగా వస్తున్నారు అని. ఆ వాక్యం ఆమె కష్టపడి రాసింది కాదు. ఇలాంటి వ్యాసాలన్నిట్లోనూ ఉంటుంది, ఈమె కూడా రాసేసింది. ఎవరూ అడ్డు చెప్పని వాక్యం.

కాసులమ్మ వారంలోపే వచ్చింది.

ఆ తరవాత కొన్ని రోజులు ఓపీ అయిపోయాక కుసుమకుమారి ఫోను పట్టుకుని కూర్చుంది. తన పరిశోధనలో ఉన్న రోగులందరికీ ఒక్కొక్కరికీ ఫోను చేసింది. మొదటిసారి ఎప్పుడు, ఎవరికి చూపించారు అని మాత్రమే అడిగింది. ఒక్కరు కూడా ఇంట్లో ఊరికే కూర్చోలేదు. వేపాకు నూరి రాసుకున్న ముసలాయన ఒకడున్నాడు, ఆయన కూడా నెల తిరక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అందరికీ కురుపు అన్నారు. అందరికీ కోశారు. కొందరికి రెండుసార్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ. కోసినవాళ్ళు రకరకాల డాక్టర్లు, రకరకాల ఆసుపత్రులు. అందులో తమ ఆసుపత్రి కూడా ఉంది. తమ ఆసుపత్రి ఊళ్ళల్లో పెట్టే ఉచిత శిబిరాలూ ఉన్నాయి. ముక్కను పరీక్షకు పంపిన వాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆలస్యం చేసింది రోగులు కాదు. రోగులు సరైన వేళకే వచ్చి బెంచీల మీద కూర్చున్నారు.

చివరి ఫోను పెట్టేసరికి ఆమె దవడలు నొప్పి పుట్టాయి. పళ్ళు ఎంత గట్టిగా బిగించిందో అప్పుడు తెలిసింది.

ల్యాబ్ ఫలితం అనుకున్నదే వచ్చింది. స్కాన్ అంతకన్నా చెడ్డగా వచ్చింది. కేన్సర్ రెప్ప దాటి కనుగుడ్డు వెనక్కి పాకింది. ఇంకా ఎముకలోకి పోలేదు, మెడలో గడ్డలు లేవు. ప్రాణం నిలబెట్టుకోవచ్చు. కానీ కన్ను నిలవదు. రెప్పలు, గుడ్డు, దాని చుట్టూ ఉన్న కండా కొవ్వూ మొత్తం ఎముక దాకా తీసెయ్యాలి.

ఆ సంగతి చెప్పడానికి మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టింది. గురువులు బనీను మీద ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుసుమకుమారి స్కాన్‌లో చూపిస్తూ నెమ్మదిగా, దాచకుండా చెప్పింది. గురువులు ఒకటే అడిగాడు, మనిషి బతుకుద్దా అని. బతకడానికే ఇదంతా అని ఆమె అంది. అతను తల వంచుకున్నాడు.

కాసులమ్మ ఏడవలేదు. స్కాన్ వైపు చాలాసేపు చూసింది.

"కురుపుకి కన్ను తీసేత్తారా?"

"ఇది మొదట్నించీ కురుపు కాదప్పా."

"మరి కురుపనే కదా కోసేరు. రమ్మన్నపుడల్లా వొచ్చేను. వేపారం మానుకుని వొచ్చేను. మందులెయ్యమన్నట్టల్లా ఏసుకున్నాను. నా వల్ల ఏటి తప్పు జరిగింది, సెప్పు."

ఇలాంటప్పుడు డాక్టర్లు చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. ఈ జబ్బు చాలా అరుదు, గుర్తుపట్టడం కష్టం, ఎవరి చేతుల్లోనూ లేదు. కుసుమకుమారి నోటి దాకా అవి వచ్చాయి. మింగేసింది.

"నీ తప్పు ఏమీ లేదు. కోసిన ముక్కని పరీక్షకి పంపాల. మొదటిసారి పంపకపోయినా, అదే చోట మళ్ళీ వచ్చినప్పుడైనా పంపాల. పంపి ఉంటే రెప్పలో కొంచెం తీసి కుట్టేస్తే సరిపోయేది. కన్ను ఉండేది. పంపలేదు. తప్పు మాది."

గురువులు తలెత్తి చూశాడు. కాసులమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి, కొంగు బిగించి, తలుపు దాకా వెళ్ళి నిలబడిపోయింది. వెనక్కి తిరక్కుండానే ఆపరేషన్ ఎప్పుడని అడిగింది.

మర్నాడు రమణమూర్తి గారు పిలిపించారు.

ఆయన గదిలో కిటికీ నుంచి సముద్రం కనిపిస్తుంది. రేవు బయట లంగరేసిన ఓడలు వరసగా ఉంటాయి. ఆయన కోపంగా లేరు. కాఫీ తెప్పించారు. పేషెంటుకు తప్పు మాది అని చెప్పావట, నిజమేనా అని అడిగారు. నిజమే అంది. ఆ మాట నీ నోటి నుంచి రావాల్సింది కాదమ్మా, ఆసుపత్రి అంటే నువ్వొక్కదానివి కాదు, నేనొక్కణ్ణీ కాదు అన్నారు. ఏడాదికి ఎన్ని వందల కురుపులు కోస్తామో, వాటిలో ఇలాంటిది ఎక్కడో ఒకటి ఉంటుందని, ప్రతి కురుపునూ ల్యాబ్‌కి పంపుతూ కూర్చుంటే పని సాగదని వివరంగా చెప్పారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

"మొదటిసారి సంగతి వదిలెయ్యండి సర్. రెండోసారి అదే రెప్ప, అదే చోటు. మూడోసారీ అదే. ముసలివాళ్ళలో అదే చోట తిరిగొచ్చిన కురుపుని కేన్సర్ కాదని తేలేదాకా కేన్సర్ అనే అనుకోండి అని మాకు క్లాసులో చెప్పింది మీరే."

"ఆవిడ ముసలిది కాదు. నలభై అయిదు దాటలేదు."

"కేన్సర్‌కి ఆ లెక్క తెలీదు సర్."

ఆయన కప్పు కింద పెట్టారు. తరవాత వ్యాసం సంగతి ఎత్తారు. కొత్తగా మార్చిన ప్రతి ఆయన చదివారు. ఆలస్యం రోగులది కాదు, డాక్టర్లది అని రాసిందామె. ఎవరి పేర్లూ లేవు, కానీ తమ ఆసుపత్రిలో కోసిన కేసులు ఎన్నో స్పష్టంగా ఉంది. పాత వాక్యమే ఉంచమన్నారు. లేదంటే మన దగ్గర కోయించుకున్నవాళ్ళను బయట వైద్యం చేయించుకుని వచ్చినవాళ్ళుగా చూపించమన్నారు. సభలో మూడు రాష్ట్రాల డాక్టర్లుంటారు, ఆ వేదిక మీద అధ్యక్షుడు తనే, తన పేరున్న వ్యాసంలో తన ఆసుపత్రి మీద తనే బురద చల్లుకోలేడు. ఇదంతా ఆయన తండ్రి కూతురికి నచ్చజెప్పినట్టు చెప్పారు.

"అలా రాస్తే అబద్ధమవుతుంది సర్."

"వ్యాసం నీది ఒక్కదానిదే కాదు కుసుమా."

"అయితే నా పేరు తీసెయ్యండి. నా పేరుండగా ఆ వాక్యం ఉండదు."

ఆమె లేచి వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎంత గౌరవించిందో మెట్లు దిగేసరికి అదంతా ఒక్కసారిగా కోపమైపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఆమె మామూలుకన్నా ఎక్కువసేపు నిలబడింది. కోపంతో ఉన్న చెయ్యి కత్తి పట్టకూడదు. మోచేతుల దాకా నురగ రుద్దుకుంటూ, నీళ్ళ కింద పెట్టి కడుక్కుంటూ, లోపలికి వెళ్ళాక ఆలోచించాల్సింది ఎముకా కండా నెత్తురూ మాత్రమేనని తనకు తనే చెప్పుకుంది. లోపల నిజంగానే ఇంకేమీ ఆలోచించలేదు. కంటిగుంట చుట్టూ చర్మం గీసి, ఎముక మీది పొరను అంచు నుంచి లేపుకుంటూ, చుట్టూ తిరిగి లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళింది. చివర్న నరం దగ్గర నెత్తురు పొంగితే వేలితో నొక్కిపెట్టి ఆగింది. తీసిన దాని అంచుల నుంచి ముక్కలు ఎప్పటికప్పుడు పై అంతస్తుకి వెళ్ళాయి. వెంకటరమణమ్మ గారు కుర్చీలోంచి లేవకుండా చూస్తూ కూర్చున్నారు. ఆఖరి ముక్క చూశాక థియేటర్‌కి ఫోను చేసి అన్ని అంచులూ శుభ్రంగా ఉన్నాయని చెప్పారు. తొడ నుంచి తీసిన పల్చటి చర్మాన్ని ఆ ఖాళీ గుంటలో పరుస్తున్నప్పుడు మాత్రం కుసుమకుమారికి మళ్ళీ గుర్తొచ్చింది. పెసరగింజంత. మొదట్లో అది పెసరగింజంత.

పుండు బాగా మానింది. కాసులమ్మ ఇంటికెళ్ళింది. కట్లు మార్పించుకోవడానికి చెప్పిన రోజుల్లో వచ్చేది, చెప్పినట్టు చేసేది, ఎక్కువ మాట్లాడేది కాదు. అంత గొంతున్న మనిషి అలా అయిపోవడం కుసుమకుమారికి బాగా అనిపించలేదు.

ఒక సోమవారం పొద్దున, ఓపీ హాలు కిటకిటలాడుతున్న వేళ, మేనేజరు ఎల్లారావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మీ పేషెంటు గొడవ చేస్తోంది, వచ్చి తీసుకెళ్ళండి అన్నాడు.

గొడవ చెయ్యడం లేదు కాసులమ్మ. రమణమూర్తి గారి గది ముందు, రోగుల వరసకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని ఉంది. గాజుగుడ్డ కట్టు మీద నల్లటి గుడ్డ ఉంది. సెక్యూరిటీ సింహాద్రి పక్కనే నిలబడి లెమ్మని బతిమాలుతున్నాడు. అతనిదీ ఆ జాలరిపేట ఒడ్డే, చెయ్యి వేసి లేపే ధైర్యం లేదు. వరసలో కొత్తగా ఎవరొచ్చినా ఆమె అదే మాట చెబుతోంది. కాలనీల్లో చేపలమ్మే గొంతుతో, అరవకుండానే, హాలు చివరి దాకా వినిపించేటట్టు చెబుతోంది.

"కంటికి కురుపని వొచ్చేరా? కోయించుకోండి. కోసేక ఆ ముక్క ఎక్కడికి పంపేరో అడగండి. నాను అడగనేదు. నాకు తెలీదు. నాది బకెట్లో ఏసేరు."

తలుపు తెరుచుకుని రమణమూర్తి గారు బయటికొచ్చారు. ఆయన మొహంలో చిరాకు ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఎంతో మర్యాదగా ఒంగి, లోపలికి రామ్మా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు.

"లోపల మూడుసార్లు మాటాడుకున్నాం కదా బాబూ. ఇక్కడే సెప్పండి." ఆమె నల్లగుడ్డ ముడి విప్పింది, కట్టు పక్కకి జరిపింది. వరసలో ఉన్నవాళ్ళు కొందరు మొహం తిప్పుకున్నారు. ఆయన తిప్పుకోలేదు, కానీ ఆ గుంటలోకి చూడనూ లేదు, ఆమె నుదుటి మీద ఎక్కడో చూశారు. "నన్ను గురుతు పట్టేరా? మూడుసార్లు మీ సేత్తో రెప్ప తిప్పేరు. కన్ను పోయిందని ఇంతవరకూ ఒక్కపాలి వొచ్చి సూడనేదు. ఏటయిందమ్మా అని అడగనేదు. కన్ను తీసినందుకు కాదు బాబూ నాను కూకున్నది. అడగనందుకు."

రమణమూర్తి గారికి అప్పుడు కుసుమకుమారి కనబడింది. ఆయన ఊపిరి పీల్చుకుని, హాలు వినేటట్టు అన్నారు, ఈమెకి వచ్చింది చాలా అరుదైన జబ్బు, మొదట్లో ఎవరూ గుర్తించలేరు, కావాలంటే మా డాక్టర్ కుసుమకుమారి చెబుతుంది, ఆవిడ దీని మీదే పరిశోధన చేసింది అని.

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఎల్లారావు కళ్ళతోనే బతిమాలాడు. కుసుమకుమారి ముందుకి నడిచి కాసులమ్మ పక్కన నిలబడింది.

"ఆమె చెప్పింది నిజం. మొదట్లోనే గుర్తించొచ్చు. కోసిన ముక్కని సీసాలో వేసి పై అంతస్తుకి పంపితే చాలు. అది ఇక్కడ చెయ్యలేదు. మీలో ఎవరికైనా కోసిన చోటే కురుపు మళ్ళీ వస్తే, ఇవాళే నా గదికి రండి."

రమణమూర్తి గారు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చప్పుడు కాలేదు. ఆయన తలుపులు చప్పుడు చేసే మనిషి కాదు.

ఆ రోజు కుసుమకుమారి గది ముందు వరస మధ్యాహ్నం దాటినా తరగలేదు. ఎక్కువమందికి మామూలు కురుపులే. ఒకామెకి మాత్రం కాదు. కింది రెప్ప, ఇంకా చిన్నది, వేళ దాటకముందే దొరికింది. ఆమెకి కన్ను పోలేదు.

వారం తిరక్కుండా సంజాయిషీ అడిగారు. రోగుల ముందు సంస్థకు అప్రతిష్ట తెచ్చావన్నారు. కమిటీలో అయిదుగురు కూర్చున్నారు, రమణమూర్తి గారు రాలేదు. నిజం కానిది ఏం చెప్పానో చూపించండి అని అడిగితే ఎవరూ చూపించలేదు, చెప్పిన చోటు బాగాలేదన్నారు. మహాసభలో వ్యాసం రద్దయింది. ఆమెను అచ్యుతాపురంలో ఉన్న చిన్న కేంద్రానికి వేశారు. ఫ్యాక్టరీల్లో కంట్లో ఇనుపరజను పడ్డవాళ్ళకు కడిగి మందేసే చోటు అది. పరిశోధన సంగతి ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళే ముందు రోజు ల్యాబ్ మెట్ల దగ్గర గోడ మీద కొత్త నోటీసు చూసింది. ఇకపై రెప్ప నుంచి తీసిన ప్రతి ముక్కనూ తప్పనిసరిగా పాథాలజీకి పంపాలి, శిబిరాలతో సహా, అని ఉంది. కింద రమణమూర్తి గారి సంతకం. ఆమె ఆ నోటీసు ముందు నిలబడి రెండుసార్లు చదివింది. కావాల్సింది అదే. ఇన్నాళ్ళూ పోట్లాడింది అందుకే. అయినా సంతోషం రాలేదు. నియమం పెట్టిన మనిషి, నియమం ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. జాలరిపేటకు ఒక్క మనిషిని పంపలేదు. కాసులమ్మ అసలు పుట్టనే లేదన్నట్టుంది ఆ కాగితం. పక్కన వెంకటరమణమ్మ గారు వచ్చి నిలబడి, పోనీలేమ్మా, సీసాలైతే వస్తున్నాయి కదా అన్నారు. కుసుమకుమారి పోనిస్తానని అనలేదు. వ్యాసాన్ని పత్రికకు పంపుదాం, నా పేరూ మీ పేరూ పెట్టి, మీకు ఇబ్బందేమో అని అడిగింది. రిటైరైపోయేదాన్ని నాకేం ఇబ్బంది అన్నారావిడ. దాన్ని పత్రికవాళ్ళు ఒకసారి వెనక్కి పంపారు, బోలెడు ప్రశ్నలడిగారు. ఇద్దరూ కూర్చుని జవాబులు రాస్తున్నారు.

అచ్యుతాపురంలో గది చిన్నది, ఫ్యాను పాతది. బయట ఎప్పుడూ లారీల చప్పుడు. పనివాళ్ళు షిఫ్టు దిగి హెల్మెట్లతోనే వస్తారు. వచ్చిన నెలకి ఒక పగటిపూట తలుపు తోసుకుని కాసులమ్మ వచ్చింది. ఆసుపత్రికి వెళ్తే అక్కడ లేదన్నారట. రెండు బస్సులు మారి వచ్చింది. వెనక ఇంకో మనిషి, ముసుగేసుకుని.

కాసులమ్మ గదిని ఆ మూల నుంచి ఈ మూలకి ఒంటికంటితో చూసింది.

"నిన్నిక్కడికి తోసేసేరా?"

"ఆఁ."

"నువ్వెలా ఊరుకున్నావ్?"

"ఊరుకోలేదప్పా. నువ్వు ముందు కూర్చో."

ఆమె కూర్చుంది కానీ తిట్టడం ఆపలేదు. ఆసుపత్రిని, మేనేజర్ని, బస్సుల్ని, ఆఖరికి తన కోసం నోరు విప్పి ఇక్కడిదాకా తెచ్చుకున్నందుకు కుసుమకుమారిని కూడా. వింటూనే కుసుమకుమారి గుంటను పరీక్ష చేసింది. చర్మం బాగా అతుక్కుంది. చెవి ముందు, దవడ కింద, మెడ పొడుగునా వేళ్ళతో నొక్కి చూసింది. ఏ గడ్డా తగల్లేదు. బాగుందని చెప్పింది. కాసులమ్మ మాత్రం, బాగున్నా నాకు కోపం తగ్గనేదమ్మా, రాత్రి పడుకుంటే కూడా అదే అంది.

"నాకూ తగ్గలేదు."

"తగ్గాలంటావా?"

తెలీదప్పా అంది కుసుమకుమారి. ఆ జవాబు కాసులమ్మకు నచ్చినట్టుంది. వెనకున్న మనిషిని ముందుకి లాగింది. గంగాలమ్మ అట, వాళ్ళ వీధే, రొయ్యలు ఒలిచే పనికి వెళ్తుంది. పైరెప్ప మీద కురుపు, కోసినా మళ్ళీ వచ్చింది. డాక్టరంటే భయపడి ఇంట్లో దాక్కుంటే తానే జబ్బ పట్టుకుని లాక్కొచ్చానంది.

గంగాలమ్మ వణుకుతూ బల్ల మీద పడుకుంది. కాసులమ్మ ఆమె తల దగ్గర నిలబడి రెండు చేతులూ పట్టుకుంది. కుసుమకుమారి మత్తు సూది వేసి, రెప్ప తిప్పి, ముక్క తీసింది.

ఫలితం నాలుగో రోజున వచ్చింది. మామూలు కురుపే, కేన్సర్ కాదు. గంగాలమ్మకు ఫోను లేదని కుసుమకుమారి కాసులమ్మకే చేసింది. అవతల కాలనీ వీధి చప్పుడు, ఎవరో చేప బరువు గురించి వాదిస్తున్నారు. సంగతి చెప్పగానే కాసులమ్మ వాళ్ళని ఆగమని కసిరి, మళ్ళీ చెప్పమంది. కుసుమకుమారి మళ్ళీ చెప్పింది. ఏటీ నేదన్నమాట అంది కాసులమ్మ, తనకే చెప్పుకుంటున్నట్టు. ఫోనులో ఆమె ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది. కన్ను పోతుందని చెప్పిన రోజున కూడా ఏడవని మనిషి.

"దానికి సెప్పొస్తాను," అని ఫోను పెట్టేసింది.